‘నాలుక లేదు’ అని రాశాను

2023 మే 18, గురువారం. సాయంత్రం నాలుగూ ముప్పై అయిదు. మొదలైంది అప్పుడు.

ఇది అల్లి చెబుతున్నది కాదు. ఒట్టు పెట్టమంటారా... మా లూథరన్ ఇళ్ళల్లో ఒట్లు పెట్టుకోవడం అలవాటు లేదు. దానికి బదులు డైరీ ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు లెక్కల టీచరుగా చేశాను. ఆ రోజు ఏం జరిగిందో, ఎన్నింటికి జరిగిందో రాసుకోనిదే పడుకోను. ఆ పేజీ ముందు పెట్టుకునే చెబుతున్నాను.

మాది నిడదవోలు దగ్గర ఊరు. ఇంట్లో ఇద్దరం. నేను, మా ఆడపడుచు సుందరమ్మ. నాకు డెబ్భై మూడు, తనకి అరవై తొమ్మిది. వానాకాలం మా పెరట్లో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. అందుకని వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీసేటప్పుడు, ఆ మట్టి తోలించుకుని పెరడు మెరక చేయించుకుంటాం. ఇక్కడ అందరూ చేసే పనే. ఆ ఏడు పద్నాలుగు ట్రక్కులు మాట్లాడాం. తోలేది సత్తిబాబు. తొమ్మిదో ట్రక్కు దించుతుంటే... ఠంగ్‌మంది.

సత్తిబాబు ట్రాక్టరు మీంచి దూకాడు. మట్టిపెళ్ళలు తప్పించాడు. పగిలిన బాన ఒకటి. అందులో కిలుం పట్టి పచ్చబడ్డ కంచు సామాను.

"టీచర్ గారండీ... నా కొంప మునిగిందండి."

"నిధి దొరికితే కొంప మునగడమేంటయ్యా?" అంది సుందరమ్మ.

మునగడానికి కారణం ఉంది. అతని కూతురు దేవి కానిస్టేబులుగా సెలెక్టయింది. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. భూమిలో దొరికిన పాత సొత్తు దొరికినవాడు ఇంట్లో పెట్టుకోవడానికి లేదు. అధికారులకి చెప్పి అప్పగించాలి. దాచాడని తేలితే కేసు. తండ్రి మీద కేసుంటే ఆ పిల్లకి యూనిఫారం దక్కుతుందా? అదీ అతని భయం.

"మళ్ళీ కాలవలో పడేసి వచ్చేస్తానండి. ఎవరూ చూళ్ళేదు."

"నేను చూశాను," అన్నాను.

"వదినా, ఒక్క కుంది ఉంచుకుందాం. ఒక్కటంటే ఒక్కటి. చింతపండేసి తోమానంటే అద్దంలా ఉంటుంది."

"ముట్టుకున్నావంటే మొదటి కేసు నీ మీదే."

అప్పటికప్పుడు జాబితా రాశాను. దీపపు కుందులు నాలుగు. చిన్న పళ్ళేలు మూడు. గరిటెలు రెండు. మూత లేని చెంబు ఒకటి. చేతిగంట ఒకటి. మొత్తం పదకొండు. గంట నిండా బంకమట్టి బిగుసుకుపోయి ఉంది. చెంచాతో తీసి కాగితంలో పొట్లం కట్టాను. లోపల కొక్కెం ఉంది. దానికి వేలాడాల్సిన నాలుక లేదు. వేలు పెట్టి తడిమి చూశాను. లేదు. ‘గంట 1, నాలుక లేదు’ అని రాశాను. వంటింటి త్రాసులో తూచాను. గంట ఆరు వందల నలభై గ్రాములు. మట్టి పొట్లం మూడు వందల ఎనభై. ఫొటో తీశాను. గంట లోపలిది విడిగా ఇంకో ఫొటో.

మా వీఆర్వో ప్రసాదుకి ఫోన్ చేశాను. ఏడో తరగతిలో నా దగ్గర భిన్నాలు రాక ఏడ్చినవాడే.

"రేపు పదింటికి తహసీల్దారు ఆఫీసు గుమాస్తా గారితో వస్తానండి. ఇంక కడక్కండి, తోమకండి. జాబితా, ఫొటోలు పంపించండి. ఒకటి మాత్రం చెబుతున్నానండి, రేపటికి ఏ చిన్న తేడా వచ్చినా నా చేతుల్లో ఉండదు. సత్తిబాబు మీద రాయాల్సొస్తుంది."

సత్తిబాబు నా వైపు చూశాడు.

"తేడా రాదు," అన్నాను. ఆ మాట అన్నది నేనే.

పదకొండు వస్తువుల్నీ తువ్వాలులో చుట్టి, మావారి రైల్వే ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి పిన్నీసుతో జాకెట్‌కి గుచ్చుకున్నాను. ట్రంకు నా మంచం కింద. పక్క మంచం సుందరమ్మది. గేటు దగ్గర ట్రక్కులో సత్తిబాబు, కర్రతో.

"రేపు అమావాస్య వదినా," అంది సుందరమ్మ దీపం ఆర్పబోతూ.

"క్యాలెండరు నాకూ ఉంది. పడుకో."

పన్నెండూ యాభైకి కరెంటు పోయింది. ఉక్క... కప్పల చప్పుడు కూడా లేదు. కాలవలో నీళ్ళుంటే కదా కప్పలు. ఒకటీ నలభైకి...

ఠంగ్.

మెల్లగా. ఒక్కసారే. చెవి దగ్గరేమో అనుకున్నాను. కాదు. కింద. నా మంచం కింద.

ఠంగ్... ఠంగ్...

"వదినా," అంది చీకట్లోంచి సుందరమ్మ. "నువ్వేనా?"

"నేనెందుకు మోగిస్తానే?"

"మరి..."

"మరి అనకు."

ఆ గంటకి నాలుక లేదు. అది నాకు తెలుసు. నా వేలికి తెలుసు. టార్చి కోసం తడిమాను. చేయి తగిలి అది కింద పడింది. బల్బు పోయింది. సెల్‌ఫోన్ లైటు వేశాను. ట్రంకు లాగాను. తాళం వేసినట్టే ఉంది. పిన్నీసు తీయడానికే రెండు నిమిషాలు పట్టింది. మూత ఎత్తాను...

తువ్వాలు చుట్టినట్టే ఉంది. ముట్టుకున్నాను. తడిసి ముద్దయి ఉంది. పెట్టినప్పుడు పొడి తువ్వాలు. ఇప్పుడు పిండితే నీళ్ళు కారేటట్టుంది. ఆ వాసన... జూన్‌లో లాకులు ఎత్తినప్పుడు మొదటి నీళ్ళు వస్తాయే, ఆ ఎర్రనీళ్ళ వాసన. కాలవలు ఎండిపోయి నెల దాటింది.

ఒక్కొక్కటే విప్పి లెక్కపెట్టాను. పదకొండు. గంట లోపలికి లైటు వేశాను. కొక్కెం. అంతే. నాలుక లేదు.

"ఉందా?" అంది సుందరమ్మ, దుప్పటి లోంచి.

"లేదు."

"ఉంటే బాగుండేది కదా," అని ఏడుపు మొదలుపెట్టింది.

తాళం వేసేశాను. ఇద్దరం కీర్తన ఎత్తుకున్నాం. సుందరమ్మకి పుట్టి బుద్ధెరిగాక శ్రుతి కుదరలేదు. గేటు దగ్గర సత్తిబాబు లేచి, "ఏమైందండీ? గంట మీరే కొట్టారా?" అని అరిచాడు. అంటే అతనికీ వినబడింది. మా కీర్తన ఆగకపోయేసరికి అతను గోవిందా గోవిందా అని అందుకున్నాడు. మూడూ పదికి మళ్ళీ మోగింది. ముగ్గురం గొంతు పెంచాం. నేను ట్రంకు తెరవలేదు. అది కూడా డైరీలో రాశాను.

తొమ్మిదీ యాభైకి ప్రసాదు, గుమాస్తా వచ్చారు. దేవి కూడా వచ్చింది. తండ్రి వెనకాల, గుమ్మం బయట నిలబడింది. నేను తాళం తీశాను. తువ్వాలు ఎండిపోయి ఉంది. గుమాస్తా గంట పైకెత్తాడు.

ఠంగ్‌మంది.

లోపల నాలుక వేలాడుతోంది. గంటకున్న కిలుమే దానికీ ఉంది. కొక్కేనికి మెలిపెట్టి బిగించినట్టుంది, పటకారు లేనిదే ఊడేది కాదు.

గుమాస్తా ఫొటో చూశాడు. గంట చూశాడు. "నిన్న దాచి, భయమేసి ఇవాళ తగిలించారా?"

సత్తిబాబు గోడకి ఆనుకున్నాడు. దేవి మొహం పాలిపోయింది.

"ఒక్క నిమిషం," అన్నాను. త్రాసు తెచ్చాను. గంట ఏడు వందల ముప్పై. తొంభై గ్రాములు ఎక్కువ. మట్టి పొట్లం మూడు వందల ఎనభై, ఒక్క గ్రాము తగ్గలేదు. అంటే మట్టిలోంచి రాలేదు. జాబితాలో ‘నాలుక లేదు’ అన్నది కొట్టేశాను. నా రాతలో అదే మొదటి కొట్టివేత. పక్కన రాశాను: ‘రాత్రి 1:40కి, 3:10కి మోగింది. తాళంచెవి నా దగ్గరే ఉంది. ఉదయం నాలుక కనిపించింది. ఎలా వచ్చిందో తెలియదు.’ సంతకం పెట్టాను.

"ఇది పైకి పంపితే నవ్వుతారండి," అన్నాడు గుమాస్తా.

"నవ్వనివ్వండి. అబద్ధం రాస్తే ఆ పిల్ల ఏడవాలి."

ప్రసాదు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఈవిడ నాకు లెక్కల్లో ముప్పై నాలుగు వేసి ఫెయిల్ చేశారండి. ఒక్క మార్కు కలపమని మా నాన్న కాళ్ళావేళ్ళా పడితే కలపలేదు. ఈవిడ రాసింది రాసినట్టే తీసుకుందామండి."

తీసుకున్నారు. రసీదు ఇచ్చారు. ‘గంట 1, నాలుకతో.’ సామాను సీలు వేసుకుని పట్టుకెళ్ళారు. కేసు లేదు. జులైలో దేవి వెరిఫికేషన్ అయిపోయింది. ఆ సాయంత్రమే పూతరేకులు తెచ్చి, వరండాలో నిలబడి నాకు సెల్యూట్ కొట్టింది. సుందరమ్మ కూడా తిరిగి కొట్టింది, ఎడం చేత్తో.

ఆగస్టు 3, గురువారం, పదకొండుంబావుకి ప్రసాదు ఫోన్.

"టీచర్ గారండీ, గంట చూడ్డానికి మ్యూజియం వాళ్ళొచ్చారు. సీలు మా ముందే విప్పారండి. రసీదుంది కాబట్టి మీకూ సత్తిబాబుకీ ఏం భయం లేదు. కానీ... నాలుక లేదండి."

"బరువెంత?"

అక్కడ ఎవరినో తూచమన్నాడు.

"ఆరు వందల నలభై."

ఫోన్ పెట్టకుండానే ట్రంకు లాగి తెరిచాను. ప్రసాదు వింటూనే ఉన్నాడు. నాలుక లేదు. మే నెలలోనే ఉతికి, ఎండేసి, మడతపెట్టి ఉంచిన తువ్వాలు ఒక్కటే ఉంది.

తడిగా ఉంది.

అదేమిటో ఈ రోజుకీ నాకు తెలియదు. తెలిసినంత వరకు, పోయినవి:

నిద్ర, అయిదు గంటల ఇరవై నిమిషాలు.
టార్చి బల్బు, ఒకటి.
కొట్టివేత లేకుండా రాస్తుందన్న పేరు, ఒకటి.
గంట నాలుక, ఒకటి. తొంభై గ్రాములు.