మైపాడు దారిలో కుడి వెనక చక్రం

మా తమ్ముడి పాత కారులో, చక్రాల్లో గాలి తగ్గితే వెలిగే పసుపు లైటు ఒకటి ఉంది. మూడు నెలల్లో అది పదకొండు సార్లు వెలిగింది. తారీఖులన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి. తమ్ముడు పోయాక ఆ కారు నడిపేది మా మరదలు సుగుణ. అరవై నాలుగేళ్ల మనిషి, కోవూరు నుంచి ఎటు పోవాలన్నా ఎవరినీ బతిమాలదు. ఈ లైటు వంకతో ఆమె కొడుకు ప్రభాకర్ కారు అమ్మేస్తానని పట్టుబట్టాడు. కొనేవాడు సోమవారం వస్తాడట.

"శనివారం మైపాడు సముద్రం దాకా పోయి రామ్మా. దారిలో గాలి కొట్టించకూడదు. లైటు వెలగలేదా, కారు నీదే. వెలిగిందా, తాళాలు నాకియ్యి" అన్నాడు. సాక్షిగా నన్ను కూర్చోబెట్టాడు. "అత్తయితే అబద్ధం రాయదు."

ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేశాను. జ్వరం చార్టు రాసినట్టే చక్రాల చార్టూ రాస్తున్నాను. మూడు చక్రాల్లో గాలి ముప్పై రెండు దగ్గర నిలకడగా ఉంటుంది. కుడి వెనకదే రోగి. దానికి మూడు పూటలా గాలి కొలిచే గేజి పెట్టి చూస్తాను. పంక్చరు షాపుల వాళ్లు టైరంతా తడిమి మేకు లేదన్నారు. ఇద్దరు ముగ్గురు వేలు ఎంగిలి చేసుకుని, గాలి ఎక్కించే వాల్వు మీద పెట్టి చూడబోయారు. నేనే గదమాయించి ఆపాను. ఉమ్మితో పరీక్షలేమిటి?

శుక్రవారం సాయంత్రం నాలుగు చక్రాలూ ముప్పై రెండుకి కొట్టించాం. శనివారం పొద్దున ఆరున్నరకి కోవూరులో బయలుదేరాం. అప్పటికే కుడి వెనకది ముప్పై. పెన్న వంతెన దాటి, నెల్లూరులో మైపాడు గేటు దగ్గర ఏడుంపావుకి కారం దోసెలు తిన్నాం. మీరు వెళ్తే టిఫిను అక్కడే కానివ్వండి, ముందుకు పోయాక అంత ఎర్రగా కాల్చేవాళ్లు నాకు కనబడలేదు. చేయి కడుక్కున్న వెంటనే మళ్లీ గేజి పెట్టాను.

"వదినా, దాని నాడి చూడకపోతే నీకు దోసె అరగదా?" అంది సుగుణ.

"నీ కారు కోసమే కదా."

"నా కారు కోసమా, నీ బుక్కు కోసమా?"

ఇందుకూరుపేట దాటాక అటూ ఇటూ రొయ్యల గుంటలు. వాటిలో నీళ్లు చిలికే చక్రాలు జోరుగా తిరుగుతున్నాయి. "వాటికి గాలి కొట్టే పని లేదు. హాయిగా ఉండాయి" అంది సుగుణ, డాష్‌బోర్డు వంక ఓరగా చూస్తూ. లైటు వెలగలేదు.

ఎనిమిదీ ఇరవైకి మైపాడు చేరాం. సుగుణ చెప్పులు కారులో వదిలి, చీర కాస్త ఎత్తి పట్టుకుని సముద్రంలోకి దిగింది. గాలి విసురుకి ఇసుక మోకాళ్లదాకా కొడుతోంది. నేను ఒడ్డునే ఉండి, కారు దగ్గరికి రెండుసార్లు వెళ్లి వంగి చూశాను. చేపలమ్మే ఆమె బుట్ట దించి, "ఏం పెద్దమ్మా, కారుకి జొరమా?" అంది. ఆమె దగ్గర అర కిలో వంజరం తీసుకున్నాం.

పది నలభైకి తిరుగు ప్రయాణం. సరుగుడు తోట దాటుతుండగా లైటు వెలిగింది.

సుగుణ వేగం తగ్గించింది. "రాసుకో వదినా" అంది. రాశాను: పది నలభై ఆరు. పన్నెండోసారి. నా అక్షరం ఎన్నడూ అంత వంకరగా రాలేదు.

ఇందుకూరుపేటలో మస్తాన్ అనే ఆయన పంక్చరు షాపు దగ్గర ఆపాం. ఆయనా వేలు నోటి దగ్గర పెట్టుకున్నాడు. నేను వద్దనబోయాను.

"ఇంక పోయేదేముంది? నువ్వు కానీ అన్నా" అంది సుగుణ.

వాల్వు మీద ఎంగిలి బుడగ కట్టింది. శనగ గింజంత అయి పగిలింది. మళ్లీ కట్టింది.

"టైరులో ఏం లేదమ్మా. వాల్వులోంచి పోతా ఉండాది. దీని లోపలి పిన్ను కింద ఇసక చేరింది. దీని మూత ఏది?"

మూత నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. మూడు పూటలా విప్పి బిగించడం ఎందుకని, మొదటిసారి లైటు వెలిగిన మర్నాడే తీసి పెట్టుకున్నాను. పన్నెండుసార్లు లైటు వెలిగిన సంగతీ, ఇదీ ఆయనకి చెప్పి, మూత బయటికి తీశాను.

మస్తాన్ మూతనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మూత తీసేసి, రోజూ మూడుసార్లు గేజితో పొడిస్తే ఏ పిన్ను నిలుస్తాదమ్మా? మొదటిసారి మామూలుగా తగ్గుంటాది. మిగతా పదకొండు సార్లూ మీ చలవే."

సుగుణ పాత టైర్ల దొంతి మీద కూలబడి, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

కొత్త పిన్ను వేయించాం. మూత నా చేత్తో నేనే బిగించాను. నెల్లూరు ఇంకా రాకముందే ప్రభాకర్ ఫోను. సుగుణ నడుపుతోంది కాబట్టి నేనే ఎత్తాను.

"వెలిగిందా అత్తా?"

"వెలిగింది, పది నలభై ఆరుకి. జబ్బు కారుది కాదు నాయనా, నర్సుది." జరిగిందంతా చెప్పాను.

అవతల కాసేపు నవ్వు. "అయితే సోమవారం వచ్చే ఆయనకి నిన్ను చూపిస్తాలే అత్తా. కారు మా అమ్మనే ఉంచుకోమను. ఆ గేజి మాత్రం నీ చేతిలో ఉండకూడదు."

సుగుణ కారు పక్కన ఆపి చేయి చాపింది. గేజి ఇచ్చాను. డాష్‌బోర్డు అరలో పెట్టి తాళం వేసింది.

మైపాడు చూడవలసిన చోటే. పొద్దున్నే వెళ్లండి, వాల్వు మూతలు ఉన్నాయో లేదో చూసుకుని వెళ్లండి. కోవూరు చేరేదాకా ఆ లైటు మళ్లీ వెలగలేదు. దాని వంక ఎన్నిసార్లు చూశానో మాత్రం రాసుకోలేదు.