కాగితం వీపు చూసిన కాకా

గుమాస్తా కాకా పోయాడని పోయిన నెల ఒక పొద్దున మా వకీళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. నేను నమ్మలేదు. ఆ గ్రూపులో వచ్చే ఏ మాటైనా సగం తీసేసి చదవాలని నాకు నేర్పింది ఆయనే. ఇంటికి ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తింది. "నిజమే బిడ్డా. చాయ తాగి కుర్చీల కూసున్నడు, గట్లనే పోయిండు" అంది. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.

మంచిర్యాలలో నేను ఆఫీసు తెరిచిన రోజు నుంచి పదకొండేళ్లు ఆయనే నా గుమాస్తా. సాయంత్రం తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. ఏ కాగితంలో ఖాళీ జాగా కనిపించినా, తర్వాత ఎవరూ ఏమీ ఇరికించకుండా ఎర్ర పెన్నుతో మూల నుంచి మూలకు గీత కొట్టేవాడు. నా పెళ్లిపత్రిక ఇచ్చినప్పుడు దాన్ని కూడా తిప్పి చూశాడు.

"నమ్ముడు గుడిల. కోర్టుల చూసుడే" అనేవాడు.

నన్నూ నమ్మేవాడు కాదు. నేను సంతకం పెట్టిన పిటిషన్‌ను మళ్లీ మొదటి నుంచి చదివేవాడు. నాకు ఒళ్లు మండేది. ఏనాడైనా "నీ మీద నమ్మకముంది వకీలమ్మా" అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు.

ఈ-ఫైలింగ్ వచ్చాక ఆయన అనుమానం ఇంకా పెరిగింది. "ఎనుకట కాగితమిస్తే ముద్ర గొట్టి చేతుల పెడుతుండిరి. గిప్పుడు ఎవడు తీసుకున్నడు, ఏడ పెట్టిండు?" అని అడిగేవాడు. తెర మీద నంబరు చూపిస్తే డైరీలో రాసుకుని, సరిపోయిందా లేదా అని నాతో మళ్లీ చదివించేవాడు.

ఒకసారి శ్రీరాంపూర్ నుంచి ఒకామె వచ్చింది. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన తండ్రి, చివరిదాకా తనను చూసుకున్న ఆమె పేరిట ఇల్లు రాసి పోయాడు. అన్నలేమో అది దొంగ వీలునామా అంటున్నారు. అది నిజమైనదేనని కోర్టు తేల్చకపోతే ఆమె ఇల్లు వదలాల్సిందే. అలా తేల్చమని కోరే ప్రొబేట్ పిటిషన్ తయారుచేసి, వీలునామా స్కాన్ చేసి, కంప్యూటర్‌లో ఎక్కించాను. పంపే బటన్ నొక్కబోతుంటే కాకా "జర ఆగు" అన్నాడు.

అసలు వీలునామా చేతిలో పట్టుకుని, తెర మీద ఒక్కో పేజీ చూపించమన్నాడు.

"మూడు కాగితాలే కాకా, మూడూ ఎక్కినయ్" అని విసుక్కున్నాను.

ఆయన మూడో కాగితం తిప్పి నా ముందు పెట్టాడు. ఇద్దరు సాక్షుల సంతకాలూ వెనుక వైపు ఉన్నాయి. ముందు జాగా చాలక అక్కడ పెట్టారు. నేను ముందు వైపులే స్కాన్ చేశాను.

"గీ మిషిన్ మొకం జూస్తది, వీపు జూడది" అన్నాడు. "గిట్లనే పంపితే రేపు అవుతలి వకీల్ ఏమంటడు? ఫైల్ జేసినంక సాక్షులను దొరకబట్టి సంతకాలు పెట్టించిండ్రంటడు. గా పిల్ల ఇల్లు పోతది."

సిగ్గుపడి, వెనుక వైపులు కూడా స్కాన్ చేసి ఎక్కించాకే బటన్ నొక్కాను. ఆయన అన్నట్టే అవతలి వకీలు సాక్షుల సంతకాల మీదనే పడ్డాడు. మేం మొదటి రోజు పంపిన కాపీలోనే అవి ఉండటంతో అతని మాట చెల్లలేదు, ఇల్లు ఆమెకే దక్కింది. ఆమె సంతోషంగా మిఠాయి డబ్బా తెస్తే, కాకా దాని అడుగున తేదీ చూసుకున్నాకే ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

మొన్న కాకా దినాలు అయ్యాక ఆయన భార్య ఒక కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. లోపల కాకా వీలునామా, ఒకే కాగితం. రెండు గదుల ఇల్లు ఆమెకు రాశాడు. ఇద్దరు సాక్షుల సంతకాలూ ముందు వైపే ఉన్నాయి. చివరి వాక్యం ఇది: "దీనిని కోర్టులో మా వకీలమ్మే దాఖలు చేయవలెను. వేరెవరి చేతికీ ఇవ్వరాదు."

ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. తర్వాత, అలవాటుగా, కాగితం తిప్పాను.

"ఎనుకంగ ఏమన్న రాసిండా బిడ్డా?" అని ఆమె ఆశగా అడిగింది.

ఒక్క అక్షరం లేదు. మూల నుంచి మూలకు ఎర్ర గీత, దాని కింద ఆయన పొట్టి సంతకం.

ఆ వైపు కూడా స్కాన్ చేశాను. తెర మీద తెల్లటి పేజీ, దానికి అడ్డంగా ఆ ఎర్ర గీత.