తుడిచేసిన వాక్యం

ఈ మాట ఏళ్ళ తరబడి నా గొంతులో అడ్డుపడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. దాని మీదుగానే అన్నం తిన్నాను, ఉపన్యాసాలు ఇచ్చాను, చప్పట్లు కొట్టించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఇది చదివి నన్ను క్షమించమని అడగడం లేదు. క్షమించే హక్కు ఉన్నవాళ్ళు ఇద్దరే. వాళ్ళలో ఒకరికి నేను తప్పు చేశానని ఈనాటికీ తెలియదు.

ఎనిమిదేళ్ళ పిల్ల నిజం చెప్పింది. అది తప్పని నేను అన్నాను. జరిగింది ఇంతే. ఇంతేనా?

ముందు నేను ఎలాంటివాణ్ణో చెప్పాలి. ఆదివారాలు ఉప్పల్‌లో ఒక మేడ మీది హాల్లో మా మిత్రులం కలిసేవాళ్ళం. హేతువాదులం. అరచేతిలో కర్పూరం వెలిగించి చూపేవాణ్ణి. నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారేలా చేసి, కత్తికి ముందుగా ఏం పూశానో విప్పి చెప్పేవాణ్ణి. బాబాల మీద, తాయెత్తుల మీద, వాస్తు మీద నా నోటికి ఎదురుండేది కాదు. "చెప్పింది ఎవరని చూడకండి, ఎదురుగా ఏముందో చూడండి" అని ప్రతి సభలో అనేవాణ్ణి. ఆ వాక్యం నాదేనని గర్వంగా ఉండేది.

మిగిలిన ఆరు రోజులూ నాచారంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి తెలుగు, లెక్కలు చెప్పేవాణ్ణి. అద్దె ఇల్లే బడి. పిల్లల అమ్మానాన్నలు చాలామంది జిల్లాల నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనికి కుదిరినవాళ్ళు. కడుపు కట్టుకుని ఫీజు కట్టేవాళ్ళు.

మా బడికి ఒక వారపు పద్ధతి ఉండేది. సోమవారం బోర్డు మీద ఒక పక్కన, శనివారం దాకా చెరపకుండా ఉండేలా, ఐదారు వాక్యాల చిన్న పాఠం రాస్తాను. ఆ రోజంతా చదవడం. మంగళవారం దాన్నే రాయడం. తర్వాత ఒక రోజు వ్యాకరణం, రెండు రోజులు లెక్కలు. శనివారం పొద్దున తల్లిదండ్రులు వచ్చి వెనక బెంచీల మీద కూర్చుంటారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, బెత్తంతో బోర్డు మీద ఒక్కో మాట చూపిస్తూ పాఠం చదవాలి. కాగితం మీద ఎంత బాగుందో చూడండి. కానీ అక్కడ ఎవరూ చదివేవారు కాదు. సోమవారం నుంచీ నేను గొంతెత్తి చెప్పించిందాన్ని శనివారానికి రాగంతో సహా అప్పగించేవారు. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటంటే, మళ్ళీ మొదటి నుంచి అందుకునేవారు. ఏడెనిమిదులు ఎంత అంటే ఏడొకట్ల నుంచి ఎక్కి రావాల్సిందే. "నామవాచకం అంటే పేరును తెలిపే పదం" అని గోడలు అదిరేట్టు అరిచేవారు. బల్ల నామవాచకమా కాదా అంటే బల్ల వైపు చూసేవారు, నా వైపు చూసేవారు. బెత్తం మొన ఒక మాట మీద ఉంటే, నోరు ఇంకో మాట మీద ఉండేది.

నాకు తెలుసు. ఆదివారం నేను విప్పి చూపే కనికట్టుకూ, శనివారం నేను ఆడించే కనికట్టుకూ తేడా లేదు. అప్పట్లో ఈ పోలిక నాకు తట్టలేదా? తట్టింది. తోసేశాను. శనివారం బాగా జరిగితే ఆ వీధిలో నుంచి ఇంకో ఇద్దరు పిల్లలు చేరేవారు. కరస్పాండెంటు అందరి ముందు నా భుజం తట్టేవాడు. ఆ భుజం మీద చెయ్యి నాకు ఇష్టంగా ఉండేది. ఈ ఒక్క ముక్క రాయడానికే చాలాసేపు ఆగాను.

ఆ తరగతిలో స్వప్న అనే పిల్ల ఉండేది. వాళ్ళమ్మ యాదమ్మ మందుల ప్యాకింగులో పనిచేసేది. స్వప్నకు కంఠతా పట్టడం రాదు. అందరూ ఒక్క గొంతుతో సాగిపోతుంటే ఆమె ఒక మాట వెనక ఉండేది. విసుగొచ్చేది నాకు. ఎందుకు వెనకబడుతోందని ఒక్కసారైనా దగ్గరికి పోయి చూశానా? లేదు. శనివారం వరసలో ఆమెను చివర నిలబెట్టేవాణ్ణి. ఆమె వంతు వచ్చేసరికి సగం మంది పెద్దవాళ్ళు లేచిపోయేవారు.

ఆ వారం పాఠం ఒక అవ్వ, ఒక మేక, ఒక వాన. "వాన వచ్చింది. అవ్వ గొడుగు తెరిచింది. మేక గొడుగు కిందకి వచ్చింది." ఇలా ఉండేది. శుక్రవారం సాయంత్రం ఎవరో బోర్డు తుడిచేశారు. శనివారం నేను వచ్చేసరికి గేటు దగ్గర జనం. హడావుడిగా, జ్ఞాపకం మీద, మళ్ళీ రాసేశాను. రాసి వెనక్కి తిరిగి చూసుకోలేదు.

పిల్లలు వరసగా వచ్చారు. బెత్తం పట్టారు. గడగడా ఒప్పజెప్పి వెళ్ళారు. తల్లిదండ్రులు ఎవరి పిల్లల మొహం వాళ్ళు చూసుకుని మురిసిపోయారు. వాళ్ళలో చదువు వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ బోర్డు చూడలేదు. ఆ మాటకొస్తే నేనూ చూడలేదు.

ఆఖరున స్వప్న వచ్చింది. ఆ రోజు ఎందుకో పెద్దవాళ్ళెవరూ లేవలేదు. ఒక్కో అక్షరం మీద బెత్తం ఆనించి, పెదవులు తడుపుకుని, కూడబలుక్కుంటూ చదివింది. "మే... క... చె... ట్టు... కిం... దకి..."

పిల్లలు గొల్లుమన్నారు. వెనక నుంచి ఎవరో తండ్రి అన్నాడు: "ఏ మేకనే పాపా నీది? మా మేకలన్ని గొడుగు కిందికే పొయ్యినయ్ గదా." గదంతా నవ్వింది. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచేసింది. స్వప్న మాత్రం బెత్తం తియ్యలేదు. అదే మాట మీద ఉంచి నా వైపు చూసింది.

నేను బోర్డు వైపు తిరిగాను.

"మేక చెట్టు కిందకి వచ్చింది." నా చేతిరాతే. నేనే మార్చి రాశాను.

ఎంతసేపు? ఒక్క ఊపిరి పట్టేంత సేపు. ఆ ఒక్క ఊపిరిలో నాకు అన్నీ అర్థమయ్యాయి. ఆ గదిలో చదవడం వచ్చిన పిల్ల ఒక్కతే. మిగతావాళ్ళెవరికీ నేను ఏమీ నేర్పలేదు. తప్పు నాదని, పాప చదివిందే సరైనదని నేను అంటే చాలు. కానీ ఆ పిల్ల చదివిందని ఒప్పుకుంటే, ఇంకెవరూ చదవలేదని ఒప్పుకున్నట్టే. ఎదురుగా ఏముందో చూడండి అని ఊరంతా అరిచినవాడి ఎదురుగా, తెల్లటి సుద్దతో, వాడి సొంత రాతతో, నిజం ఉంది.

"తప్పు చదివినవ్. కూచో," అన్నాను.

డస్టర్ తీసుకుని బోర్డు తుడిచేశాను. మొత్తం కాదు. ముందు ఆ వాక్యం.

నాలుక జారితే పొరపాటు అనుకోవచ్చు. చెయ్యి ముందు ఆ వాక్యం దగ్గరికే ఎందుకు పోయింది? దానికి నా దగ్గర జవాబు ఉంది. నేరం చేసినవాడి చెయ్యి ఎటు పోతుందో నా చెయ్యీ అటే పోయింది.

గేటు దగ్గర యాదమ్మ నా కోసం ఆగింది. పక్కన స్వప్న.

"సార్, జర నిజం జెప్పున్రి. మా పోరికి సదువొస్తదా, రాదా?"

ఆమే అంది: "మొన్న మౌలాలి గుట్టకు తీస్కపొయ్యి దర్గాల దారం గట్టిపిచ్చిన. అప్పటిసంది జర నయమే అనుకున్న. తొవ్వ పొంటి దుకాణాల బోర్డులన్ని సదువుకుంటనే ఒస్తది. అడుగు ముందటికి పడనియ్యదు."

వినండి. ఆ తల్లి నా చేతిలో రుజువు పెట్టింది. నేను అందులో దారాన్ని మాత్రమే పట్టుకున్నాను.

"దారాలతోని చదువొస్తే ఇంక మేమెందుకమ్మా? ఇట్లాంటివి నమ్మబట్టే మన బతుకులు గిట్లున్నయ్."

"తప్పే సార్. ఏదో ఆశ."

"ఒకటి చెప్త, బాధపడొద్దు. కొందరు పిల్లల తలకు ఎక్కదు. బలవంతం జేస్తే ఉన్నది గూడ పోతది. ఏదన్న చేతిపని నేర్పియ్యి."

"బోర్డు మీద చెట్టనే ఉండె సార్," అంది స్వప్న. గట్టిగా అనలేదు. నా మొహం కూడా చూడలేదు. నా వేళ్ళకంటిన సుద్ద వైపు చూస్తూ అంది.

యాదమ్మ ఆ పిల్ల నెత్తి మీద ఒక్కటిచ్చింది. "ఊకో. సార్‌కు తెల్వదా?"

ఎండాకాలం సెలవుల తర్వాత స్వప్న రాలేదు. చెల్లెల్ని చూసుకోవడానికి ఇంట్లో ఉంచేశారని పిల్లలు చెప్పారు. నేను వెళ్ళి అడగలేదు. వాళ్ళ గది బడికి రెండు సందుల అవతల.

ఇక్కడితో ఆగితే పిరికివాణ్ణని సరిపెట్టుకోవచ్చు. ఆగలేదు. ఆదివారం సభల్లో ఈ కథ చెప్పడం మొదలుపెట్టాను. "చదువు కోసం బిడ్డకు దారం కట్టించిన ఒక తల్లి నాకు తెలుసు" అని. గొంతులో కాస్త జాలి, కాస్త వెటకారం కలిపి. జనం నవ్వేవారు, నిట్టూర్చేవారు, చప్పట్లు కొట్టేవారు. ఆ కథను వ్యాసంలో కూడా వాడుకున్నాను. బోర్డు సంగతి ఎక్కడా చెప్పలేదు.

సాకులు వెతకలేదా? వెతికాను. వాదించడం నాకు అలవాటు కదా. ఒక్క సార్ మాటతో ఒక పిల్ల చదువు ఆగిపోతుందా? పేదరికం లేదా? చంటిపిల్ల లేదా? పక్కనే సర్కారు బడి లేదా? ఇవన్నీ నిజాలే. కానీ ఆ పేదరికాన్ని, ఆ చంటిపిల్లని పక్కకు నెట్టుకుంటూనే ఆ తల్లి అప్పటిదాకా కూతుర్ని బడికి తెచ్చింది. ఆమె చేతుల్లో ఆ బలాన్ని తీసేసింది నా మాట. దారం ఆ పిల్లకు ఏ హానీ చెయ్యలేదు. ఆ ఇంట్లో మూఢనమ్మకం అంటూ ఒకటుంటే, అది నా మీద పెట్టుకున్న నమ్మకమే.

ఈ మధ్య ఉప్పల్ మెట్రో మెట్ల కింద వాళ్ళిద్దరూ కనబడ్డారు. యాదమ్మే గుర్తుపట్టింది. స్వప్న పెద్దదైంది, తల్లితో పాటే ప్యాకింగు పనికి పోతోందట. "మీరు ముందుగాల్నే జెప్పి మంచి జేసిన్రు సార్. ఇంకొకలైతే ఫీజులు తీస్కుంటనే ఉందురు," అంది యాదమ్మ. నా చేతిలో రాబోయే సభ కరపత్రాలున్నాయి. ఏం చెయ్యాలో తోచక, అలవాటు చొప్పున ఒకటి స్వప్న చేతికిచ్చాను. ఆమె చూపు మొదటి వరస మీద ఆగింది. పెదవులు కదిలాయి. చాలా కొద్దిగా.

"దానికేం తెల్వది సార్," అని యాదమ్మ నవ్వుతూ ఆ కాగితం లాక్కుని నాకు తిరిగిచ్చింది.

నేను తీసుకున్నాను. ఆమె కళ్ళ ముందున్న అక్షరాన్ని రెండోసారి కూడా నేనే తీసేసుకున్నాను. స్వప్న నన్ను చూడలేదు. నా వేళ్ళను చూసింది. ఇప్పుడు వాటికి సుద్ద లేదు.

ఆ రోజు నుంచి ఆ కథ ఏ సభలోనూ చెప్పలేదు. ఇది పశ్చాత్తాపం అనుకోకండి. చెప్పబోతే కదిలిన ఆ పెదవులే కనబడతాయి, అంతే. వాళ్ళింటికి పోయి చెబుతానా? తెలియదు. చెబితే ఆ తల్లికి ఏం మిగులుతుంది? తన చేత్తో కూతురి నెత్తి మీద కొట్టిన దెబ్బ మిగులుతుంది. ఇది కూడా నాకు అనుకూలంగా ఉన్న తర్కమే. పసిగట్టాను.

అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. గేటు దగ్గర ఆ తల్లి నోట వచ్చిన "సార్‌కు తెల్వదా?" అన్న ప్రశ్నకు ఇన్నేళ్ళూ ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె నన్ను అడగలేదు, బిడ్డను కసిరింది. అయినా జవాబు నాదే.

తెలుసు. బోర్డు మీద చెట్టనే ఉంది. సార్‌కు తెలుసు.