ఏసమ్మ వంతు

ఇప్పుడు మొగిలమ్మ లేవగానే చేసే మొదటి పని, వాకిలి మొత్తం తానొక్కతే ఊడ్చి సానుపు చల్లడం. ఇదివరకు అట్లా లేదు. కరీమాబాద్‌లో ఒకే వాకిలి మీద రెండు గదులు. ఒకదాంట్లో మొగిలమ్మ, మార్కెట్లో బస్తాలు మోసే ఆమె మొగుడు కట్టయ్య. రెండోదాంట్లో మార్కెట్ గేటు దగ్గర ఉడకబెట్టిన శనగ గుడాలు అమ్ముకునే ఏసమ్మ. సోమ, బుధ, శుక్రవారాలు ఏసమ్మ వంతు, మిగిలినవి మొగిలమ్మవి. ఆదివారం పొద్దున్నే ఏసమ్మ చర్చికి తయారు కావాలి గనుక ఆ రోజు ఆమెను అడగకూడదని ఒప్పందం. ఎవరు పేడనీళ్ళు చల్లినా ముగ్గు మాత్రం మొగిలమ్మే వేసేది. ఇద్దరిదీ ఒకటే చీపురు, రెండు గదుల నడిమి గోడకు ఆనించి ఉండేది. ఏసమ్మ అది పట్టుకొని పక్కన నిలబడి వంకలు పెట్టేది.

“అక్కా, గీత గట్ల వంకర పోతాందేంది? బావ తెచ్చుకున్న కల్లు నువ్వు తాగినవా?”

“నీకు చాతనైతే నువ్వే ఎయ్యరాదు.”

“నేనేస్తే మా పాస్టరయ్య నన్ను బయటికి ఎల్లగొడ్తడు. నీకు సంబరమే గదా!”

అట్లా పదకొండేళ్ళు గడిచాయి.

డెబ్బై ఎనిమిదిలో, మార్కెట్‌కు మిరప బస్తాలు దిగే రోజుల్లో కట్టయ్య పోయాడు. తోటి హమాలీల కూలి ఎందుకు కోస్తున్నావని వెంకట్రాజం అనే అడ్తి వ్యాపారిని అడిగాడు. వెంకట్రాజం బస్తాలు లాగే ఇనుప కొక్కెం తీసి కణత మీద కొట్టాడు. హమాలీలంతా షెడ్డు లోపల ఉన్నారు. గుడాల గంప ముందు కూర్చున్న ఏసమ్మ ఒక్కతే కళ్ళారా చూసింది. చూసింది చూసినట్టు ఆ సాయంత్రమే పోలీసులకు చెప్పింది.

హమాలీలు వేసుకున్న చందాలు శవం లేవడానికే సరిపోయాయి. దినాలకు ఇంట్లో బియ్యం లేవు. తొమ్మిదో రోజు ఏసమ్మ రిక్షాలో బియ్యం బస్తా, పప్పు మూట, నూనె డబ్బా తెచ్చి దించింది.

“యాడివే చెల్లె గివన్ని?”

“చిట్టీ ఎత్తిన. బావ పేరు మీద పదిమందికి బువ్వ పెట్టకపోతే ఎట్ల? నువ్వు ఫికర్ చెయ్యకు.”

మొగిలమ్మ ఆ బియ్యమే వండించింది. వచ్చినవాళ్ళందరికీ పెట్టింది. చివరికి ఏసమ్మ బలవంతం మీద తానూ రెండు ముద్దలు తిన్నది.

తర్వాత రెండేళ్ళు కోర్టే. ప్రతి వాయిదాకూ హన్మకొండ బస్సెక్కి పోయి వరండాలో గోడకు ఆనుకొని కూర్చునేది. మొగుడు తిరిగి రాడని తెలుసు. కొట్టినవాడు జైలుకు పోవాలి, అంతే. అంతకు మించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

ఏసమ్మ బోనెక్కిన రోజు బాగానే చెప్పింది. ఎవరు కొట్టారో, దేనితో కొట్టారో, కట్టయ్య ఎటు పడ్డాడో అంతా చెప్పింది. అప్పుడు వెంకట్రాజం తరఫు వకీలు కట్టల్లోంచి ఒక వారపత్రిక బయటికి తీశాడు. అందులో గంపతో సహా ఏసమ్మ ఫోటో ఉంది.

“ ‘నిన్ను బతకనియ్య’ అని వెంకట్రాజం అరవడం విన్నానని ఇందులో చెప్పావు. మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదు?”

“నేను ఆ మాట అనలే సారూ. చూసిందే చెప్పిన. అది ఆళ్ళు రాసుకున్నరు.”

“పత్రికవాళ్ళు నీకు పైసలిచ్చారా?”

“ఇచ్చిన్రు.”

“శిక్ష పడితే ఇంకా ఇస్తామన్నారా?”

ప్రమాణం చేసిన నోట ఏసమ్మకు అబద్ధం రాలేదు. “అన్నరు” అన్నది.

“ఇచ్చిన పైసలు ఏం చేశావు?”

ఏసమ్మ జనంలో కూర్చున్న మొగిలమ్మ వైపు చూసింది. తల దించుకున్నది. వకీలు ఇంకో రెండుసార్లు అడిగాడు. పలకలేదు.

“శిక్ష పడితేనే మిగతా డబ్బు అన్నాక ఆ సాక్షి మాట ఎట్లా నమ్మాలని జడ్జిగారు రాశారమ్మా” అని తీర్పు రోజున సర్కారు వకీలు చెప్పాడు. వెంకట్రాజం అటునుంచి అటే ఇంటికి పోయాడు.

“నా మొగని పాణం పత్రికోనికి అమ్ముకున్నవ్ గదే!” అని మొగిలమ్మ వాకిట్లో నిలబడి అరిచింది. “ఏం చేయించుకున్నవే? కమ్మలా, కడియాలా?”

“తిట్టక్కా” అన్నది ఏసమ్మ. “నాదే తప్పు. తిట్టు.”

మర్నాటి నుంచి మొగిలమ్మ ఇంకా ముందే లేచి, ఎవరి వంతనకుండా వాకిలంతా తానే చల్లేయసాగింది. బుధవారం ఏసమ్మ చీపురు కోసం బయటికి వచ్చి, తడి నేల చూసి, మాట్లాడకుండా లోపలికి పోయింది. శుక్రవారమూ అంతే. కొన్నాళ్ళకు రావడం మానేసింది. ముగ్గు మొగిలమ్మ గడప ముందు వరకే ఆగిపోయింది. అట్లా ఏడాది.

ఎనభై ఒకటిలో ఒక మధ్యాహ్నం మొగిలమ్మ బియ్యం చెరుగుతుంటే వాకిట్లో స్కూటర్ ఆగింది. వచ్చినాయన పేరు గోపాల్. ఏసమ్మ ఫోటో వేసిన పత్రిక మనిషే.

“అమ్మా, వెంకట్రాజం మున్సిపాలిటీ ఎలక్షన్ల నిలబడ్తాండు. మీ గోస రాస్తం. ఒక ఫోటో తీసుకుంట. ఊరికే వద్దు, ఎంతో కొంత ముట్టచెప్తం.”

“దానికి ఇచ్చినట్టా?”

“ఎవరికి, ఏసమ్మకా? ఆమె ఊరికే ఏడ తీసుకున్నదమ్మా! పైసలొద్దు, ఏమొద్దని వారం రోజులు తిప్పిచ్చింది. తొమ్మిదోనాడు ఆమెనే ఆఫీసుకొచ్చి, మా బావ దినాలున్నయ్, ఇంట్ల బియ్యం లెవ్వన్నది.” గోపాల్ ఆమె ముఖం చూసి ఆగాడు. “మీకు తెల్వదా?”

మొగిలమ్మ చేతిలో చాట ఆగిపోయింది.

“అది చూసిన మాట మీకు సాలలేదా బిడ్డా, అనని మాట గూడ రాసిన్రు?”

“మేం రాసింది అబద్ధమైతే కాదు గదమ్మా. కొట్టింది వాడే గదా!”

“వాడే. గందుకే అడుగుతాన.”

గోపాల్ కెమెరా సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఆమె ఇక తల ఎత్తలేదు. ఆయన పోయాక కూడా బియ్యంలో రాళ్ళు వెతుకుతూనే ఉంది, ఒక్కటీ కనిపించలేదు.

బోనులో ఏసమ్మ ఎందుకు నోరు విప్పలేదో అప్పుడు తెలిసింది. విప్పితే, ఆ పైసలతో వండింది తిన్నది కట్టయ్య పెండ్లామేనని కోర్టు నిండా వినిపించేది.

సాయంత్రం ఏసమ్మ ఖాళీ గంపతో వచ్చి, తలుపు తీసుకొని లోపలికి పోయింది. మొగిలమ్మ లేచి నాలుగడుగులు వేసి ఆగింది. ఏమని పిలవాలి? కోపం పోయిందా అంటే పోలేదు. కొట్టినవాడు ఓట్లు అడుగుతూ తిరుగుతున్నాడు. వాయిదాల చుట్టూ తిరిగిన ఆ రెండేళ్ళు మళ్ళీ రావు. కానీ ఆ బరువంతా ఏసమ్మ నెత్తినే పెట్టి మోయించడానికి ఇక ఆమెకు ఓపిక లేదు. మాటలకూ ఓపిక లేదు. వెనక్కి తిరిగి వచ్చింది.

తెల్లారింది. బుధవారం. మొగిలమ్మ ఎప్పటి వేళకే లేచింది. బకెట్లో పేడ కలిపి వాకిలి మధ్యలో పెట్టింది. ఏడాదిగా తన తలుపు వెనకే దాచుకున్న చీపురు తెచ్చి, రెండు గదుల నడిమి గోడకు, పాత చోటనే ఆనించింది. ముగ్గు డబ్బా తీసుకొని తన గడప మీద కూర్చున్నది.

వాకిలి నిండా నిన్నటి చెత్త అట్లాగే ఉంది. మొగిలమ్మ ఊడ్వలేదు, చల్లలేదు. బుధవారం ఏసమ్మ వంతు.