స్లాబు మీద చౌడు

ఎవరికైనా దయ్యం పట్టిందంటే, నేను ముందు అడిగేది పొద్దున ఏమైనా తిన్నారా అని. ఖాళీ కడుపుకు కనిపించనిది లేదు. జాతరలో పూనకం వచ్చినవాళ్ళను చూసి నవ్వినందుకు మా అత్త చేత తిట్లు కూడా తిన్నాను. అలాంటిదాన్ని ఇప్పుడు ఇది రాస్తున్నానంటే నాకే ఏదోలా ఉంది. నా బుద్ధేమీ మారలేదు. చూసింది మాత్రం చూశాను.

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట ఊరు. ఇప్పుడది రిజర్వాయరు కింద ఉంది. నీళ్ళు లేక ఖాళీ అయిన ఊళ్ళు ఈ సీమలో చాలా ఉన్నాయి. నీళ్ళొచ్చి ఖాళీ అయిన ఊరు మాది. ఏడవాలో నవ్వాలో తెలియని బతుకు.

అక్కడ మాది మట్టి మిద్దె. ఏటా వానలకు ముందు దాని మీద చౌడు వేయాలి. తెల్లగా, ఉప్పగా ఉండే మన్ను అది. కప్పు మీద పరిస్తే తడిసి బిగుసుకుని, నీటిని కిందికి దిగనివ్వదు. ఊరి వెనక పారే వంక పక్కన చౌడు గుంత ఉండేది. మా ఆయన ఉన్నా, నేనున్నా, ఆ పని మా అత్త ఎవరికీ ఇచ్చేది కాదు. గంపతో తానే మోసుకొచ్చి, మిద్దెక్కి, అరచేతులతో తట్టి తట్టి సర్దేది. చిటికెడు నాలుక మీద వేసుకుని, మంచిదో కాదో చెప్పేది. నేను వేస్తే కారుతుందని ఆమె నమ్మకం. ఒకసారి వేశాను, నిజంగానే కారింది.

నీళ్ళు పొలిమేర దాకా వచ్చాక మమ్మల్ని ట్రాక్టర్లలో తెచ్చి రోడ్డు పక్కన రేకుల షెడ్లలో పెట్టారు. ప్రభుత్వం కాలనీలో ఇళ్ళు కట్టించి ఇస్తుందన్నారు. ఇదిగో అదిగో అంటూనే కాలం గడిచింది. ఎండాకాలంలో రేకుల కింద కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే.

ఆ షెడ్డులో ఉన్నప్పుడే ఒకరోజు టీవీలో ఉక్రెయిన్ నుంచి వేరే దేశానికి వచ్చిన వాళ్ళను చూపించారు. ఒక ముసలామె చేతిసంచితో రైలు దిగింది. అక్కడి ప్రభుత్వం వాళ్ళు ఆమెకు ఒక ఇల్లు చూపించి, తాళంచెవి చేతిలో పెట్టారు. మా అత్త కదలకుండా చూసింది.

"పాపం, వాళ్ళూర్లోకి గూడా నీళ్ళొచ్చినాయా?" అని అడిగింది.

"నీళ్ళు గాదత్తా, యుద్ధం," అన్నాను.

"ఏదైతేనేమిలే. వచ్చీ రాంగానే ఇల్లిచ్చినారు సూడు."

ఆ మాటలో అసూయ లేదు, ఆశ ఉంది. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

ఆమెకు కావలసింది ఒక్కటే, సొంత కప్పు కింద కన్నుమూయడం. రేకుల కింద ప్రాణం పోకూడదని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది. కాలనీలో మా ఇంటి స్లాబుకు సెంట్రింగు చెక్కలు విప్పాక ఆమెను తీసుకెళ్ళి చూపించాం. కట్టె పట్టుకుని లోపలంతా తిరిగి, వెనక గదిలో ఒక మూల చూపించి, "నా మంచం ఈడ ఎయ్యాల," అంది. తర్వాత తలెత్తి పైకి చూసింది.

"దీనికి చౌడు ఎప్పుడేస్తారప్పా?" అని మేస్త్రీని అడిగింది.

మేస్త్రీ నవ్వాడు. "ఇది స్లాబు అవ్వా. చౌడెందుకు?"

"ఏ కప్పుకైనా చౌడుండాల. లేకుంటే కారుతాది," అని గొణిగింది. అందరం నవ్వాం.

ఇంకా ఏవో పనులున్నాయని తాళాలు ఇవ్వలేదు. ఆ ఎండాకాలంలోనే ఆమె పోయింది. మిట్టమధ్యాహ్నం, ఆ రేకుల కిందే. నేను తడిగుడ్డతో నుదురు తుడుస్తుంటే, "ఇల్లిచ్చినారా?" అంది. "ఇస్తారమ్మా, రేపో మాపో," అన్నాడు మా ఆయన. ఆమె ముఖం రేకు వైపు తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిరగలేదు.

వానలు మొదలయ్యే ముందు తాళాలు వచ్చాయి. ఆమె మంచం ఆమె చెప్పిన మూలలోనే వేశాం, ఖాళీగా. మొదటి వానకే స్లాబు కారింది. ఇల్లంతా కారింది గానీ, అన్నిటికంటే ఎక్కువ ఆ మంచం మీదే. గిన్నెలు పెడుతూ పెడుతూ మా ఆయన ఉన్నట్టుండి తడినేల మీద కూలబడ్డాడు. మిగిలిన గిన్నెలు నేను పెట్టాను.

కొన్నాళ్ళకు ఇంకో వాన పడింది, మొదటిదాని కంటే పెద్దది. పొద్దున లేచి చూస్తే ఇల్లంతా నీళ్ళే. ఆ మూల మాత్రం పొడిగా ఉంది. మంచం కోడు మీద చెయ్యి పెడితే దుమ్ము అంటింది.

మా ఇళ్ళకు పైకి మెట్లు లేవు. పక్క వీధిలో సున్నం కొట్టే అతని దగ్గర నిచ్చెన తెచ్చుకుని ఎక్కాను. ఆ మూల పైన, సరిగ్గా మంచం పట్టేంత మేర, చౌడు పరిచి ఉంది. అరచేతులతో తట్టి, నీళ్ళు అంచుకు జారేటట్టు వాలు తీసి ఉంది. కొంచెం కెలికి చూశాను. మన్నులో చిన్న చిన్న నత్తగుల్లలు ఉన్నాయి. చెరువు అడుగు బురద వాసన వచ్చింది.

కాలనీ కట్టింది ఎర్ర గరుసు నేల మీద. చుట్టుపక్కల ఎక్కడా తెల్ల చౌడు లేదు. మా ఊరి గుంత నీళ్ళ కింద ఉంది. వీధిలో ఇంటింటికీ తిరిగి అడిగాను. తమకు తెలియదన్నారు. "నీకేమన్నా పిచ్చా అక్కా, స్లాబుకు ఎవురన్నా చౌడేస్తారా?" అన్నాడు నిచ్చెన ఇచ్చినతను.

సాయంత్రం మా ఆయన అనంతపురం మార్కెట్లో మూటలు దించి వచ్చాక చెప్పాను. నమ్మలేదు. తానే ఎక్కాడు. చిటికెడు తీసి నాలుక మీద వేసుకోవడం కింద నుంచి చూశాను. దిగాక ఒక్క మాటే అన్నాడు.

"మన గుంతదే."

ఆ పూట అన్నం ముట్టలేదు.

ఎవరో జాలిపడి వేశారనుకుందామంటే, ఇల్లంతా కారుతుంటే ఒక్క మూలకే ఎందుకు వేస్తారు? ఆలోచించి ఆలోచించి నాకు తోచింది ఒకటే. మోయగలిగింది అంతే అయి ఉంటుంది. ముసలి ప్రాణం, అంత దూరం, ఆ నీళ్ళలోంచి. అలా తోచిన రోజు వెక్కి వెక్కి ఏడ్చాను. నమ్మకమే లేనిదాన్ని, దేనికి ఏడ్చానో.

వాన వస్తే అందరం ఆ మూలకే చేరేవాళ్ళం. ఆమె ఒక్క పూట కూడా పడుకోని ఆ మూలలో ఆమె మంచం మీద మా పిల్లలు పడుకునేవాళ్ళు. ఒకప్పుడు మబ్బు కనిపిస్తే చేతులెత్తి మొక్కినవాళ్ళం, ఇప్పుడు మబ్బు పడితే గుండె జారుతోంది.

చౌడు ఏటా వేయాలి. ఏడాది తిరిగింది, మళ్ళీ ఎవరూ వేయలేదు. మేం వేద్దామంటే ఆ మన్ను ఎక్కడిది? మొన్నటి వానకు ఆ మూలలో కూడా చుక్క పడింది. ఈసారి రిజర్వాయరు నిండిందని, ఇంత లోతు ఎప్పుడూ లేదని అందరూ సంబరంగా చెప్పుకుంటున్నారు.

ఆ చౌడు ఎవరు వేశారో నాకు ఈ రోజుకీ తెలియదు. లోతు ఎక్కువై ఈసారి ఆమెకు గుంత అందలేదేమో అనిపిస్తుంది. అలా అనుకోవడం తెలివితక్కువని కూడా తెలుసు. మంచం ఇవతలికి జరిపి, ఆ చుక్క కింద గిన్నె పెట్టాను.