ఉప్పునీళ్ల క్యాను

మా హిందూపురంలో నీళ్ల మాట వస్తే అది కొరత గురించే. కొళాయి ఏ రోజు వస్తుంది, ట్యాంకరు ఏ వీధి దాకా వచ్చింది, ఎవరింటి బోరు ఎండిపోయింది. చూపు ఆనినంత దూరం నీళ్లుండి, వాటిలోకి మనుషులు రాకూడదని హద్దు పెట్టే చోటు ఒకటుంటుందని నాకు పెళ్లయ్యే దాకా తెలియదు.

నా భార్య సముద్రం ఒడ్డున పుట్టింది. ఉత్తర కోస్తాలో నౌకాదళం వాళ్ల స్థావరాన్ని ఆనుకుని ఉన్న జాలరి పల్లె ఆమెది. నర్సు ఉద్యోగం దొరికి హిందూపురం వచ్చింది. నేను పెనుకొండలో బడిపంతులుని, రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. చర్చిలో పరిచయమై, పెద్దవాళ్ల అంగీకారంతో పెళ్లి చేసుకున్నాం. పెద్దవాళ్లంటే నా వైపు మా అవ్వ ఒక్కతే. అమ్మా నాయనా చిన్నప్పుడే పోతే, రొద్దం దగ్గరి పల్లెలో కూలికి పోయి నన్ను పెంచింది ఆమే. నా భార్య వైపు వాళ్ల తమ్ముడొక్కడే. అతనికి ఒక నావ, వలలు ఉండేవి.

వాళ్ల నాన్న మా పెళ్లికి ముందే సముద్రంలో పోయాడు. ఒడ్డుకు కొంత దూరంలో నీళ్ల కింద రాళ్లగుట్ట ఒకటుంది. చేపలు అక్కడ చేరతాయి. వల తియ్యడానికి పోయినప్పుడు నావ తిరగబడింది. తోటివాళ్లు ఈదుకుంటూ బయటపడ్డారు, ఆయన పడలేదు. శవం దొరకలేదు.

మాలో నవంబరు మొదట్లో సమాధుల పండగ చేస్తారు. సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, చీకటి పడేముందు కొవ్వొత్తులు వెలిగిస్తారు. సముద్రంలో పోయినవాళ్లకు సమాధి ఉండదు కనుక, నా భార్య వాళ్ల పల్లెలో ఆ రోజు నావలు కట్టుకుని మనిషి పోయిన చోటికే వెళతారు. పూలు నీళ్లలో వదిలి, నావలోనే కొవ్వొత్తి వెలిగించి, ఆరేదాకా అక్కడే ఉండి వస్తారు. పెళ్లయిన కొత్తలో ప్రతి ఏడూ నా భార్య ఆ పండక్కి వెళ్లేది. ధర్మవరంలో రైలెక్కించి నేను వెనక్కి వచ్చేవాణ్ణి. హిందూపురం అంగట్లో కొన్న చేమంతులు, కనకాంబరాలు తడిగుడ్డలో చుట్టి తీసుకుపోయేది. అక్కడా పూలు దొరుకుతాయి గదా అంటే, మా ఇంటినుంచి తీసుకుపోతే ఆ లెక్క వేరు అనేది.

మా అవ్వకు ఇదంతా వింతగా ఉండేది. ఆమె చెరువు దాటి పెద్ద నీళ్లు చూసిన మనిషి కాదు. "సముద్రంలో మీ నాయన పోయిన తావు ఎట్ల గుర్తు పడతావు పాపా? ఆడేమన్నా గుంజ నాటినారా?" అని అడిగింది ఒకసారి. నా భార్య ఆమెను పెరట్లో నిలబెట్టి చూపించింది. వెనకింటి నీళ్ల తొట్టి అంచు, దాని వెనకున్న కొబ్బరిచెట్టు ఒకే వరసలోకి వచ్చేలా నిలబడమంది. తర్వాత పక్కకు తిరిగి చర్చి శిలువ, కరెంటు స్తంభం కలిసేలా చూడమంది. ఆ రెండు వరసలూ కలిసే చోటు పెరటి మెట్టు దగ్గర తేలింది. ఒడ్డున కొండ, గుడి, తాటిచెట్లు చూసుకుని వాళ్లు సముద్రంలో చోటు పట్టేది అలాగే. అవ్వకు అది బాగా నచ్చింది. కొన్నాళ్లు ఇంటికొచ్చిన వాళ్లనందరినీ ఆ మెట్టు దగ్గర నిలబెట్టి చూపించింది.

తొంభైల చివర్లో ఒక సాయంత్రం నా భార్య తమ్ముడు ఫోను చేశాడు. మా ఇంట్లో ఫోను లేదు, వీధి చివరి ఎస్టీడీ బూతు అతను కబురు చేస్తే పోయాం. స్థావరం చుట్టూ నీళ్లలో ఎప్పటినుంచో ఒక హద్దు ఉండేది. ఎర్ర పీపాలు తేలుతుంటాయి, వాటి లోపలికి నావలు పోకూడదు. ఇప్పుడు ఆ పీపాలను బాగా ఇవతలికి జరిపారు. రాళ్లగుట్ట లోపలికి పోయింది. చాటింపు వేసి చెప్పారట. పల్లెలో అందరూ పోయి మాట్లాడితే, దేశ రక్షణ కోసం, తప్పదు అన్నారట. రక్షణ వద్దని ఎవరంటారు? వల వెయ్యడానికి ఇంకో చోటు వెతుక్కోవాలని తమ్ముడు దిగులుపడ్డాడు. నా భార్య వినింది, వినింది, చివరికి ఒకటే అడిగింది. "మరి నాన్న దగ్గరికి?"



ఇంటికొచ్చి అవ్వకు చెప్పాం. "సముద్రానికి కంచె ఏసినారా? ఎవురి గొర్రెలు మేస్తాయని?" అంది. నా భార్య నవ్వింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఆ ఏడు పండక్కి నేనూ వెళ్లాను. తమ్ముడి నావలో ముగ్గురం పీపాల దాకా పోయాం. నాకు వాంతులైతే అక్కాతమ్ముళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు, అప్పుడొక్కసారే. పీపాలు దగ్గరయ్యేసరికి కాపలా పడవ వచ్చింది. అందులో ఉన్న కుర్రవాడు హిందీలో మర్యాదగానే చెప్పాడు, వెనక్కి పొమ్మని. తమ్ముడు తనకొచ్చిన హిందీలో తండ్రి సంగతి చెప్పాడు. ఆ కుర్రవాడు విన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కానీ లోపలికి పోనివ్వడం అతని చేతిలో లేదు. అతని మీద నాకు ఇప్పటికీ కోపం లేదు.

నా భార్య పీపాల దగ్గరే పూలు వదిలింది. అవి లోపలికి పోలేదు. ఆ రోజు నీళ్ల లాగుడు హద్దు వెంబడే ఉంది. కొన్ని అలా జారిపోయాయి, కొన్ని నావకు అంటుకుని అక్కడే ఊగాయి. ఆమె చేత్తో తోసింది. మళ్లీ వచ్చాయి. కొవ్వొత్తి గాలికి నిలవలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు తమ్ముణ్ణి ఒక ప్లాస్టిక్ క్యాను అడిగింది. హద్దు దగ్గరి నీళ్లు అందులో ముంచి ఇమ్మంది. వచ్చే ఏడునుంచి ఇంట్లోనే ఒక బేసినులో ఆ నీళ్లు పోసి, పూలు వేసి, పక్కన కొవ్వొత్తి పెట్టుకుంటానంది. రైల్లో ఆ క్యాను కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. ధర్మవరంలో దిగాక నేను మోస్తానంటే ఇవ్వలేదు.

మేం వచ్చేసరికి అవ్వ రొద్దం దగ్గరి పల్లెకు, వాళ్ల చెల్లెలి ఇంటికి పోయి ఉంది. క్యాను పెరట్లో మెట్ల కింద పెట్టి పైన గోనెపట్టా కప్పాం. ఆ తర్వాత దాని గురించి అవ్వకు చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు.

తర్వాత వచ్చిన ఎండాకాలం కొళాయి చాలా రోజులు రాలేదు. మా ఇంట్లో అవ్వ పెట్టిన పద్ధతి ఒకటుండేది. నీళ్లు ఊరికే కింద పొయ్యకూడదు. బియ్యం కడిగిన నీళ్లు పక్కింటి బర్రెకు, గిన్నెలు తొలిచిన నీళ్లు పెరట్లో కరివేపాకు చెట్టుకు. ఆ చెట్టు ఆమె నాటింది. మనుషులకే నీళ్లు చాలక గిన్నెలు బూడిదతో తుడిచి పెట్టే రోజుల్లో చెట్టు వాడిపోయింది. అవ్వ మెట్ల కింద ఏదో వెతుకుతూ గోనెపట్టా ఎత్తింది.

ఆ రోజు డ్యూటీ నుంచి నా భార్య, బడి నుంచి నేను దాదాపు ఒకేసారి ఇల్లు చేరాం. అవ్వ సంతోషంగా ఉంది. "ఎవురు దాచినారో ఏమో, క్యాను నిండా నీళ్లు మర్చిపోయి పెట్టుకోనుండారు. పాచి పట్టేకి ముందే చెట్టుకు పోసినా" అంది.

నా భార్య పెరటి మెట్టు మీద కూర్చుంది. "మొత్తం పోసేశావా అవ్వా?"

"చుక్క ఇడుస్తానా?"

నా భార్య లేచి, ఖాళీ క్యాను మూత వెతికి పెట్టి, మెట్ల కిందే పెట్టింది. స్నానానికి నీళ్లు లేవు, మొహం తుడుచుకుని వంటింట్లోకి పోయింది. అవ్వతో నేనే చెప్పాను, అవి ఏ నీళ్లో. ఆమె చాలాసేపు తన చేతుల వైపు చూసుకుంది. "నాలిక మీద ఒక చుక్క ఏసుకోనుంటే తెలిసిపోయుండు" అంది. ఎండిన ఊళ్లో నీళ్లు దొరికినప్పుడు రుచి చూసేది ఎవరు?

చెట్టు ఎండిపోయింది. మొదలు చుట్టూ మట్టి తెల్లబారింది. అవ్వ చెట్టును పీకలేదు, పీకనివ్వలేదు. తమ్ముడు విషయం తెలిసి, ఇంకో క్యాను తెస్తానన్నాడు. నా భార్య వద్దంది. "నాన్నని ఎన్నిసార్లని మోసుకొస్తాడు? ఇక్కడ పోసేశారు కదా, ఇక్కడే ఉండనీ."

ఆ నవంబరులో ఆ ఎండిన చెట్టు మొదట్లో పూలు పెట్టి కొవ్వొత్తి వెలిగించింది. పెరట్లో గాలి తక్కువ, అది చివరిదాకా వెలిగింది. అవ్వ చెప్పులు విడిచి పక్కన నిలబడింది. అలాగే సాగింది. మట్టి తెల్లదనం మంచి వానలు పడ్డ ఏడు పోయింది, గడ్డి కూడా మొలిచింది. పండక్కి ముందు అవ్వ వంగి ఆ గడ్డి పీకేది. నడుము లేవక నన్ను పిలిచేది. నేను పీకుతానంటే ఒప్పుకునేది కాదు, లేపమనేది, అంతే.

మేం మళ్లీ ఆ సముద్రానికి కలిసి పోలేదు. ఉద్యోగాలు, సెలవులు, ఏదో ఒకటి. రెండువేల తర్వాత కొన్నేళ్లకు నా భార్యకు రొమ్ములో గడ్డ తేలింది. నర్సు కాబట్టి నాకంటే ముందే ఆమెకు అంతా తెలుసు. బెంగుళూరులో చూపించాం. అక్కణ్ణుంచి తిరిగి వచ్చేటప్పుడు రైలు హిందూపురం దగ్గరపడుతుంటే, కిటికీలోంచి చూస్తూ, తను పోయాక పుట్టిన ఊరికి మొయ్యొద్దంది. హిందూపురంలోనే పూడ్చమంది. "తమ్ముడికి మాత్రం చెప్పండి. వచ్చేటప్పుడు ఆ నీళ్లు తెమ్మని. హద్దు గీత లోపలివైతే బాగుండు." అని నవ్వింది. నేను సరేనన్నాను. ఆ సరే ఎలా తీరుతుందో నాకు తెలియదు.

ఆమె పోయింది నవంబరు చివర్లో. ఊళ్లో వాళ్లు తొందరపెట్టారు. తమ్ముడు దారిలో ఉన్నాడు, అతను రాకుండా పెట్టె దించనని చెప్పాను. పాస్టరు గారు రెండు పాటలు ఎక్కువ పాడించారు. సమాధుల దొడ్డి గేటు దగ్గర తమ్ముడు ఆటో దిగాడు. భుజం మీద క్యాను ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అప్పటికి అతను నావ అమ్మేసి, రేవులో కూలి చేస్తున్నాడు. ఎవరి నావో అడిగి పోయాడట.

నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "గీత లోపలికి ఎల్లనేకపోనాను బావా. ఇప్పుడు నీరు దచ్చినానికి లాగుతాది. నాన్న ఉన్న రాళ్ల మీంచి వచ్చిన నీరు అటు పక్క గీత దాటి బయటికొస్తాది. ఆడ ముంచినాను. ఇది లోపలి నీరే."

అది నిజమా, నా కోసం అన్నాడా అని అడగలేదు. అప్పటినుంచీ నమ్ముతున్నాను.

పెట్టె దించి, మట్టి వేసి, మట్టి కుప్ప సరిచేశాక క్యాను మూత తీశాం. అవ్వకు అప్పటికి చూపు దాదాపు లేదు. ఎవరో తెచ్చిన కుర్చీలో కూర్చుని ఉంది. తనను లేపమంది. నేను పట్టుకుని తీసుకొచ్చాను. క్యాను మూతి తడిమి, అరచేతిలో కాసిని నీళ్లు ఒంపమంది. నాలుకతో తాకి చూసింది.

"ఇవే" అంది.

ఎవరినీ పొయ్యనివ్వలేదు. నేను క్యాను బరువు మోస్తే, ఆమె మూతి పట్టుకుని తల వైపు నుంచి కాళ్ల దాకా పోసుకుంటూ వచ్చింది. మట్టి ఎప్పుడూ లాగేసినట్టే వెంటనే లాగేసింది. జనం కదిలారు.

అవ్వ కదలలేదు. గేటు దగ్గరి తొట్టిలోంచి ఒక చెంబెడు నీళ్లు తెమ్మంది. క్యానులో పోయించి, ఊపి కడిగించింది. ఆ కడిగిన నీళ్లు దొడ్లో ఏ వేపచెట్టుకో పోస్తుందనుకుని నేను అటు తిరిగాను. నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పింది. అవి కూడా అక్కడే పోసింది.