పై వరసలో కుడివైపు గడి

పొద్దున్న ఆరుంబావుకి బెజవాడలో బందరు ప్యాసింజరు ఎక్కి పెడనకి టిక్కెట్టు తీసుకున్నాను. వెళ్ళేది ఒకే ఒక్క ఫోటో కోసం. ఆ రోజు దొరక్కపోతే ఇక దొరకదు. మర్నాడు తెల్లారగానే ఆ మగ్గం విప్పేస్తున్నారు.

సంగతి ముందే చెప్పేస్తాను. నేను పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ని. రెండువేల నాలుగు ఎండాకాలంలో పెద్ద డిజిటల్ కెమెరా ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కొన్న వారానికి మా ఆవిడ పద్మతో వాళ్ళ పుట్టిల్లు పెడన వెళ్ళాం. వాళ్ళది నేతవాళ్ళ ఇల్లు. తను సరదాకి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తుంటే, ఎదురుగా మగ్గం ఈ చివర నేలమీద కూర్చుని ఒక్కటంటే ఒక్క ఫోటో తీశాను. మిగతావి మళ్ళీ వచ్చినప్పుడు తీరిగ్గా తీయొచ్చులే అనుకున్నాను. ఆ వానాకాలమే పద్మ కామెర్లతో పోయింది.

పోయాక ఆ ఫోటో కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను. మగ్గానికి కట్టిన పడుగు దారాలు ఒక్కోటి లెక్కపెట్టొచ్చు. వాటి వెనక పద్మ ముఖం మాత్రం నీళ్ళలో పడిన రంగులా ఉంది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరినీ కంటి రెప్పలతో సహా తీసినవాణ్ణి, ఇంట్లో మనిషిని ఇలా తీశాను. మా పెళ్ళి ఆల్బమ్‌లో ఉందా అంటే, బాసికం కట్టుకుని తల వంచుకునే ఉంది.

ఈ కెమెరా కొనేవాళ్ళకి పనికొస్తుందని చెప్తున్నాను. కన్నుపెట్టి చూస్తే లోపల పదకొండు చిన్న గళ్ళు కనిపిస్తాయి. ఫోకస్ ఏ గడి దగ్గర పట్టాలో మనమే చెప్పొచ్చు, కెమెరాకే వదిలేయనూ వచ్చు. వదిలేస్తే అది అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. మండపంలో వధూవరుల ముందు అరటిపిలక ఉంటే అరటిపిలకే దానికి పెళ్ళికొడుకు. ఆ రోజు నేను దానికే వదిలేశాను. దగ్గరున్నవి దారాలు.

అందుకే రైల్లో కూర్చుని సాధన మొదలుపెట్టాను. వెనక ఉన్న గుండ్రటి మీటని బొటనవేలితో నొక్కుతూ గడిని పైకీ పక్కకీ జరపడం, ఎదుటివాళ్ళ కంటి మీద నిలపడం. మధ్య గడి గట్టిది, చీకట్లో కూడా పట్టుకుంటుంది. పక్కవి బలహీనం, వెలుగు చాలకపోతే తడుముకుంటాయి. మధ్య గడితో పట్టి తర్వాత కెమెరా పక్కకి తిప్పితే సరిపోదా అంటారు. మనిషి దగ్గరగా ఉండి లెన్సు పూర్తిగా తెరిచి ఉంటే, ఆ తిప్పడంలోనే ఫోకస్ కంటి మీంచి చెవి మీదికి జారిపోతుంది.

గుడివాడలో ఏడూ ముప్పావు అయింది. ఇడ్లీ పొట్లం విప్పుతుంటే, ఎదురుసీటులో ఖాళీ గంపలతో బందరు వెళ్తున్న చేపలామె అడిగింది. బెజవాడ మార్కెట్లో సరుకు దింపేసి ఇంటికి పోతోందట. నేను దేనికి అలా గురి చూస్తున్నానో చెప్పమంది. చెప్పాను, పద్మ సంగతితో సహా. రైల్లో తెలియనివాళ్ళకి చెప్పినంత తేలిగ్గా నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"మా గంపా అంతేనండీ," అంది. "కొనేవోళ్ళు పైనున్న చేపనే చూస్తారు. అడుగున ఉన్నది కావాలంటే మనమే చెయ్యి పెట్టి తీసుకోవాల."

కవుతరం దాటాక ఆమె నిద్రపోయింది. తొమ్మిది దాటాక పెడనలో దిగి నడిచాను.

పద్మ పుట్టింట్లో ఇప్పుడు ఉంటున్నది వాళ్ళక్క నాగమణి వదిన. ఇల్లు సగం ఖాళీ అయిపోయి ఉంది. వదిన వాళ్ళాయనకి బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని దొరికింది, అక్కడికే కాపురం మారుస్తున్నారు. మగ్గం పక్కవీధి ఆయనకి ఇచ్చేశారు. పడుగు మాత్రం ఇంకా కట్టే ఉంది. నా ఆలోచన వదినకి చెప్పాను. అక్కాచెల్లెళ్ళకి కళ్ళు ఒకటే. అదే మగ్గం, అదే కిటికీ వెలుగు. వదిన కూర్చుని నేస్తుంటే, ఈసారి గడి నేనే ఎంచుకుని తీస్తాను. పిచ్చి ఆలోచనే. మూడేళ్ళుగా దాన్ని పట్టుకునే బతుకుతున్నాను.

వదిన నా వైపు జాలిగా చూసింది. "ఇవాళ అమావాస్య కదా మరిదిగారూ. మగ్గం మీద నాడె ముట్టుకోం."

నాకు తల కొట్టేసినట్టయింది. అమావాస్య అని తెలియక కాదు. ముహూర్తాలు లేని రోజనేగా నాకు ఖాళీ దొరికింది. నేతవాళ్ళకి అదే సెలవు రోజని ఆ ఇంటి అల్లుణ్ణయి ఉండీ మర్చిపోయాను. నేయొద్దు, ఊరికే కూర్చోండి చాలని బతిమాలాను. వదిన మామిడికాయ పప్పు కలిపి ముందు అన్నం పెట్టింది. నేను తినడం అయ్యాక మెల్లగా అంది.

"నేను కూర్చుంటే ఫోటోలో నేనే పడతానండీ. అది పడదు."

ఇక బతిమాలడం మానేశాను. కానీ కెమెరా సంచీలో పెట్టబుద్ధి కాలేదు. పద్మని తీసిన చోటే నేలమీద కూర్చున్నాను. ఆ ఫోటో నాకు కంఠతా వచ్చు. ముఖం పై వరసలో కుడివైపు గడిలో ఉండేది. బొటనవేలితో గడిని అక్కడికి జరిపి, ఖాళీ చోటు మీద ఫోకస్ కోసం ఫోటో తీసే మీట సగం నొక్కాను. లెన్సు ముందుకీ వెనక్కీ తిరిగింది. గాలిలో పట్టుకోవడానికి ఏముంటుంది? దగ్గరున్న దారాలు అడిగినా కెమెరాకి ఇవ్వలేదు నేను. మూడోసారి నొక్కితే చిన్న కూత కూసి ఆగింది.

మీట పూర్తిగా నొక్కి ఫోటో తీసి, దేని మీద ఆగిందో చూశాను. వెనక సున్నం గోడ మీద, ఎర్రటి బొట్టుబిళ్ళ.

వదినని అడిగాను. నేసేటప్పుడు చెమటకి జారిపోతుందని పద్మే తీసి, భుజం మీదుగా చెయ్యి వెనక్కి చాపి అక్కడ అంటించేదట. ఆ రోజు నేను ఫోటో తీశాక పెట్టుకోవడం మర్చిపోయి మా బస్సుకి వచ్చేసిందట. "సున్నం వేసినప్పుడల్లా దాని చుట్టూ వేశాను," అంది వదిన. ఊడదీసి ఇవ్వనా అని కూడా అడిగింది. వద్దన్నాను. గోడ మీంచి తీస్తే అది ఉత్త బిళ్ళే. ఇద్దరం కాసేపు ఏడ్చాం.

మూడున్నరకి పెడన నుంచి బందరు, అక్కడ నాలుగుంబావుకి బెజవాడ బస్సు. వెళ్ళేవాళ్ళకి నా సలహా ఏమిటంటే, నేత చూడాలంటే అమావాస్య నాడు పెడన వెళ్ళకండి. గడి ఎప్పుడూ మీరే ఎంచుకోండి. ఇంట్లో వాళ్ళని ఇవాళే తీయండి.

పామర్రులో బస్సు టీకి ఆగింది. అందరూ దిగారు, నేను దిగలేదు. పొలాల మీద ఇంకా ఎండ ఉంది. కెమెరా వెనక తెరకి చెయ్యి అడ్డంపెట్టుకుని, మగ్గం దగ్గర ఇవాళ తీసిన ఫోటో పెద్దది చేశాను. ఈసారి దారాలన్నీ కరిగిపోయాయి. బొట్టు చక్కగా ఉంది, అంచు కూడా తెలుస్తోంది. కూర్చున్న మనిషి నుదురు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో ఉంది. దాని కింద కళ్ళ కోసం వెతికాను. గోడ ఉంది.